ఐలయ్య అడుగులు, పసిడిపైరు షేర్లు

ఆ బుధవారం పొద్దున కామేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీలు తినడం, ఎనిమిదికల్లా సైకిలెక్కడం, లింగంపల్లి నుంచి గోపన్‌పల్లికి పోయి బాలనర్సయ్య అనే రైతు పొలంలో అయిదు మీటర్ల పొడుగూ అయిదు మీటర్ల వెడల్పూ ఉన్న ముక్కలో వరి కోయించి, నూర్పించి, తూకం వేసి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడం. దీన్ని ఆఫీసులో పంటకోత ప్రయోగం అంటారు. ఆ ముక్కలో వచ్చిన వడ్లను బట్టే చుట్టుపక్కల దిగుబడి ఎంతో ప్రభుత్వం లెక్క కడుతుంది. వ్యవసాయ గణాంకాల ఆఫీసులో కామేశ్వరరావు పదకొండేళ్ళుగా ఇలాంటి ప్రయోగాలు నూటికి పైగా చేశాడు. ఒక్కదానికీ పొలం గట్టు తొక్కలేదు. బల్ల ముందు కూర్చుని, కిందటేటి అంకెకు కాస్త అటో ఇటో చేర్చి, ఎండ తగలకుండా పంటలు పండించిన చెయ్యి అది.

ఈసారి స్వయంగా బయల్దేరడానికి కారణం కర్తవ్యం కాదు. ఆయన బీరువాలో పసిడిపైరు ఎరువుల కంపెనీ షేర్లు నూట యాభై ఉన్నాయి. ఒక్కొక్కటి పదహారు రూపాయలకు కొన్నాడు. కొన్న డబ్బయినా ఆయనది కాదు. భార్య బాలాత్రిపురసుందరి ఆరేళ్ళపాటు ఇరుగుపొరుగులకు అప్పడాలూ ఆవకాయా అమ్మి, ఉద్యోగుల హౌసింగ్ సొసైటీలో ఇంటిస్థలం కోసం దాచుకున్న డబ్బు. సొసైటీకి డిసెంబరు ముప్ఫై ఒకటిలోగా రెండువేలు కట్టాలి. కట్టకపోతే స్థలం జాబితాలో తరువాతి పేరుకు పోతుంది. ఆ తరువాతి పేరు ఎదురింటివాళ్ళదే కావడంతో ఆ తేదీ ఆమెకు నిద్రలో కూడా గుర్తుండేది. "దీపావళికి రెట్టింపు చేసి చేతిలో పెడతాను" అని చెప్పి డబ్బు తీసుకున్నాడు కామేశ్వరరావు. దీపావళి వచ్చింది, పోయింది. షేరు పదకొండు రూపాయలకు దిగింది.

అలాగని ఆయన గుడ్డిగా కొన్నాడనుకుంటే పొరపాటు. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఎడమవైపు పేజీల్లో 'కంపెనీ సంగతి', కుడివైపు పేజీల్లో 'దేశం సంగతి'. ఎడమవైపు అమ్మకాలు, లాభం, అప్పు, డివిడెండు. కుడివైపు వానలు, బియ్యం ధర, బ్యాంకు వడ్డీ, అరబ్బు దేశాల చమురు ధర. ఈ రెండువైపులనూ కలిపి ఆయన ఒక సూత్రం తయారుచేశాడు. కంపెనీ బాగుండి, రోజులు కూడా బాగుంటే వ్యవసాయ కంపెనీల షేర్లు పెరుగుతాయి, లేకపోతే తగ్గుతాయి. ఈ సంగతి కనిపెట్టడానికి ఆయనకు నాలుగేళ్ళు పట్టింది. కోఠిలో షేర్ల దలాలు దుకాణం మెట్ల మీద చెప్పులు కుట్టే ముసలాయనా ఇదే మాట చెబుతాడు గాని, ఆయనకు గ్రాఫు గీయడం రాదు.

ఆ సంవత్సరం, అంటే డెబ్భై నాలుగులో, రోజులు బాగాలేవు. చమురు మండిపోయి ఎరువు తయారీ ఖర్చు పెరిగింది. బ్యాంకులు వడ్డీ పెంచాయి. కంపెనీలు ఇష్టం వచ్చినంత డివిడెండు పంచడానికి వీల్లేదని జూలైలో ప్రభుత్వం పగ్గం వేసేసరికి షేర్లన్నీ చతికిలబడ్డాయి. అయినా కామేశ్వరరావు సూత్రం మాత్రం పసిడిపైరు షేరు ముప్ఫై రూపాయలు చేస్తుందనే చెబుతోంది. సూత్రం సంగతి షేరుకు తెలియక దిగుతోందని ఆయన నమ్మకం. ఇక కావలసిందల్లా పసిడిపైరు వేసిన చోట పంట విరగకాసిందని ప్రభుత్వ కాగితం మీద ఒక్క ముక్క పడడమే. కంపెనీవాళ్ళు ఆ జూన్‌లో ప్రదర్శన కోసం బాలనర్సయ్యకు రెండు బస్తాలు ఉచితంగా ఇచ్చి, పొలంలో రేకు బోర్డు పాతారు. సరిగ్గా ఆ పొలమే ప్రయోగానికి వచ్చింది. ఇందులో తప్పేమైనా ఉందా అని ఆయన తన్ను తాను అడిగి, ఏమీ లేదని తానే జవాబు చెప్పుకున్నాడు.

పెరటి గుమ్మంలో త్రిపురసుందరి, పెరుగు అమ్మే రుక్కమ్మతో ఏదో మెల్లగా మాట్లాడుతోంది. రుక్కమ్మ మొగుడు ఐలయ్య ఖాజాగూడ బండల మధ్య గొర్రెలు కాస్తాడు. కామేశ్వరరావుకు ఈ గుసగుసలు గిట్టవు.

"గొర్రెలు కాసుకునేవాళ్ళతో నీకు రోజూ ఏం కబుర్లే" అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ.

"పెరుగు లెక్కండీ" అంది త్రిపురసుందరి. "ఇవాళ నవంబరు ఇరవయ్యో తేదీ. నెలా పది రోజులే ఉంది. ఆ షేర్లు వచ్చినకాడికి అమ్మేసి, తక్కువపడ్డది ఎక్కడైనా తెద్దామంటే వినరు."

"పదకొండుకు అమ్మేవాడు మూర్ఖుడు. సూత్రం ముప్ఫై అంటోంది."

"సూత్రం ఇంటిస్థలం ఇస్తుందా అండీ?"

ఆడవాళ్ళకు ఆర్థికశాస్త్రం చెప్పడం దండగ అనుకుని ఆయన సైకిలెక్కాడు.

గోపన్‌పల్లిలో టేపూ తాడూ మేకులూ బయటికి తీయగానే సగం ఊరు గట్ల మీదికి వచ్చింది. యూనివర్సిటీ కడతారట, భూములు కొలవడానికి వచ్చాడు అని కొందరు, లెవీ వడ్లు రాసుకోవడానికి వచ్చాడు అని కొందరు. రెండోమాట వినేసరికి బాలనర్సయ్యకు గుండె జారింది. ఆయనకు చెరువు కింద నాలుగెకరాలుంది. పంట మొత్తం కలిపితే నలభై అయిదు బస్తాలు. అందులోంచే ప్రభుత్వానికి లెవీ కింద చవక ధరకు వడ్లు కొలవాలి, అందులోంచే ఏడాది తినాలి.

"సారూ, జర తక్కువ రాసుకోండ్రి" అన్నాడు కండువా తీసి చేత పట్టుకుని. "మీరు ఎంత రాస్తే లెవీ అంత గుంజుతరు. పిల్లలు గలోన్ని."

"ఇది సైన్సు, బాలనర్సయ్యగారూ. ఉన్నదున్నట్టు రాయాలి" అన్నాడు కామేశ్వరరావు. ఆ మాట ఆయన నోట మొదటిసారి పలికింది కనక కాస్త తడబడ్డాడు.

ముక్క ఎక్కడ కోయాలో మనిషి ఎంచకూడదు. దానికి అచ్చువేసిన అంకెల పట్టిక ఒకటుంది. పొలం మూల నుంచి పొడుగునా ముప్ఫై రెండడుగులు, అడ్డంగా పద్నాలుగడుగులు నడిచి ఎక్కడ ఆగితే అక్కడ మేకు కొట్టాలని ఆ రోజు పట్టిక చెప్పింది. కామేశ్వరరావు నడిచాడు. ఆయనది పొట్టి ప్రాణం, పొట్టి అడుగు. ఆగినచోట చవుడు నేల. ముసలివాడి గడ్డంలా వరి అక్కడొకటి, ఇక్కడొకటి నిలబడి ఉంది. అవతలేమో, ఇంకో ఎనిమిది బారల దూరంలో, రేకు బోర్డు పక్కనున్న మూలలో, వెన్నులు బరువుకు వంగి నేలను తాకుతున్నాయి. చూస్తే కళ్ళు తిరిగేటంత పంట. పసిడిపైరు మహిమ అంటే ఇదీ అనుకుని కామేశ్వరరావు ఒళ్ళు పులకరించింది. ఆ మహిమ తన అడుగులకు అందకపోవడం అన్యాయంగా తోచింది.

అప్పుడాయన కళ్ళు గట్టు మీద నిలబడ్డ ఐలయ్య మీద పడ్డాయి. ఆరడుగుల మనిషి, భుజాన గొంగడి. బండ మీంచి బండ మీదికి దాటడం అలవాటైన కాళ్ళు.

"నువ్వు రుక్కమ్మ మొగుడివి కదూ. ఇక్కడేం చేస్తున్నావు?"

"మంద కూలి వడ్లకు వచ్చిన సారూ. పంట మీద ఇస్తనన్నడు బాలనర్సయ్య పటేలు."

ఎవరి మంద, ఎక్కడ కట్టారు, ఎందుకు కట్టారు అని బుర్ర ఉన్నవాడెవడైనా అడిగేవాడు. కామేశ్వరరావు అడగలేదు. ఆయన దగ్గరున్న ఫారంలో మందకు గడి లేదు.

"ఈ మూల నుంచి పొడుగునా ముప్ఫై రెండడుగులు, అడ్డంగా పద్నాలుగడుగులు నడువు" అన్నాడు. "నెమ్మదిగా కాదు, నీ మామూలు నడకే."

అడుగు ఎవరిదై ఉండాలో నిబంధనల్లో ఎక్కడా రాసిలేదు. ఐలయ్య ఆ అంగలన్నీ వేసేసరికి చవుడు నేల దాటి, మామూలు పంట దాటి, నేరుగా రేకు బోర్డు పక్కకు చేరాడు. కామేశ్వరరావు తన చేత్తోనే మేకు కొట్టాడు. మామూలుగా ఆ పాటి ముక్కలో అయిదు కిలోలు వస్తే గొప్ప. తక్కెడ పదిహేడు కిలోలు చూపించింది. బాలనర్సయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. తూకం రాళ్ళు మూడుసార్లు మార్పించాడు. మూడుసార్లూ పదిహేడే.

"కంపెనీవాళ్ళు రెండు బస్తాలు ఇచ్చారు కదా?" అడిగాడు కామేశ్వరరావు, ఫారంలో 'ఎరువు' అన్న గడి దగ్గర కలం పెట్టి.

"ఇచ్చిండ్రు సారూ."

ఇంకో ప్రశ్న అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. ఆయన 'పసిడిపైరు, రెండు బస్తాలు' అని రాసి కలానికి మూత పెట్టాడు.

ఆఫీసులో పై అధికారి సుబ్రహ్మణ్యం ఆ అంకె చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఏమిటయ్యా ఇది, ముందు ఒకటి ఎక్కువ పడిందేమో చూడు. కిందటేడు మనం రాసింది ఇందులో మూడోవంతు కూడా లేదు."

"కిందటేడు మనం పొలానికి వెళ్ళలేదు కదండీ" అన్నాడు కామేశ్వరరావు.

కాదనడానికి వీల్లేని మాట. అయినా సుబ్రహ్మణ్యం కలం తీయలేదు. మూడేళ్ళలో రిటైరు కాబోయే మనిషి, కొత్త అంకెలంటే భయం. అప్పుడు కామేశ్వరరావు కుర్చీ దగ్గరికి లాక్కుని, నోటుబుక్కు తెరిచి, రెండువైపులా చూపించి, ఈ కాగితం బయటికి వెళితే పసిడిపైరు ఎటు పోతుందో వివరించాడు. సుబ్రహ్మణ్యం శ్రద్ధగా విన్నాడు. మరునాడు కోఠికి వెళ్ళి వంద షేర్లు కొన్నాడు. ఆ తరువాతి రోజు సంతకం పెట్టాడు. ప్రభుత్వ యంత్రాంగం నిదానంగా కదులుతుందని అంటారు గాని, దాని వరుస దానికుంటుంది.

వారం తిరక్కుండా పేపర్లో పడింది: గోపన్‌పల్లిలో రికార్డు వరి. కంపెనీవాళ్ళు ఆ అంకెను పెద్దక్షరాలతో ప్రకటనగా వేయించారు. షేరు పద్నాలుగైంది, పంతొమ్మిదైంది, డిసెంబరు పదో తేదీకి ఇరవై నాలుగైంది. గణాంకాల ఆఫీసులో పదకొండుమంది కొన్నారు. పొదుపు చేసినవాళ్ళు పొదుపు పెట్టి, చేయనివాళ్ళు భవిష్యనిధిలోంచి అప్పు తీసి కొన్నారు. ఎవరూ నోటుబుక్కు చదవలేదు. ముందు గొర్రె దూకితే వెనక గొర్రె లోతు చూస్తుందా? కామేశ్వరరావు బల్ల దగ్గరికి మనుషులు వరస కట్టి టీలు తెప్పించేవారు. ఆయన గొంతు మారింది, నడక మారింది, భార్యతో మాట్లాడేటప్పుడు కూడా శాతాల్లో మాట్లాడసాగాడు.

"ఇరవై నాలుగు అంటే మూడువేల ఆరొందలు కదండీ" అంది త్రిపురసుందరి. "ఇవాళే అమ్మేయండి. సొసైటీకి కట్టి ఇంకా మిగులుతాయి."

"ముప్ఫై అని సూత్రం చెబుతుంటే ఇరవై నాలుగుకు అమ్మమంటావా?"

"మనకు కావలసింది రెండువేలు. ముప్ఫై కాదు."

"అందుకే నువ్వు అప్పడాల దగ్గర ఆగిపోయావు" అన్నాడు కామేశ్వరరావు. ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. ఆమె అప్పడాలతోనే ఆయన షేర్లు కొన్నాడన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఒక్కరే మరిచిపోయారు.

ఈ సంబరం జరుగుతుండగానే గోపన్‌పల్లిలో బాలనర్సయ్య ఇంటికి నోటీసు వచ్చింది. గణాంకాల ఆఫీసు వారి అంకెనే నాలుగెకరాలకూ గుణించి, లెవీ కింద నలభై బస్తాలు కట్టమని రెవెన్యూవాళ్ళు రాశారు. పండినవి నలభై అయిదు. మిగిలే అయిదు బస్తాలతో ఎనిమిదిమంది ఏడాది తినాలి. బాలనర్సయ్య ఆ కాగితం పట్టుకుని లింగంపల్లి వచ్చి కామేశ్వరరావు అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంది సారూ, గిట్ల రాస్తిరి. గా మూలకు పండినట్టు నాలుగెకరాలల్ల పండుతదా? నన్ను నిండ ముంచితిరి."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. కామేశ్వరరావుకు తీరిక లేదు. వచ్చే ఆదివారం కంపెనీవాళ్ళు ఆ పొలంలోనే సభ పెడుతున్నారు. పేపర్లవాళ్ళు, వాటాదారులు, పెద్ద మేనేజరు అందరూ బస్సులో వస్తున్నారు. ఆ సభతో షేరు ముప్ఫై తాకుతుంది. సోమవారం అమ్మకం, మంగళవారం సొసైటీ. ఇందులో లెవీ గొడవకు చోటు లేదు.

"ఆదివారం మీకు శాలువా కప్పుతారు" అన్నాడు. "పెద్దపెద్దవాళ్ళు వస్తారు. మీ పంట ఎలా పండిందో వాళ్ళ ముందు ఉన్నదున్నట్టు చెప్పండి. మీ లెవీ సంగతి వాళ్ళే చూసుకుంటారు."

"ఉన్నదున్నట్టు చెప్పాల్నా సారూ?"

"ఒక్క ముక్క దాచకండి."

బాలనర్సయ్య దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తన గొయ్యి తానే తవ్వుకునేవాడు గడ్డపారనైనా తనే మోస్తాడు. కామేశ్వరరావు దాన్ని ఇంకొకరికి ఇచ్చి, సరిగ్గా తవ్వమని బుద్ధి చెప్పి మరీ పంపించాడు.

ఆదివారం గోపన్‌పల్లిలో షామియానా వేశారు. బస్సు దిగినవాళ్ళు ముందు ఉప్మా మీద పడ్డారు, తరువాత కుర్చీల మీద. ముందు వరసలో సుబ్రహ్మణ్యం, వెనక వరసల్లో ఆఫీసు మొత్తం. కామేశ్వరరావు కొత్త చొక్కాలో, నోటుబుక్కు చంకలో, వేదిక మెట్టు పక్కన. పెద్ద మేనేజరు మద్రాసు నుంచి వచ్చిన మనిషి. రసాయనాల గురించి ముప్పావుగంట మాట్లాడి, ఈ పంట మా ఎరువుకు దక్కిన కిరీటం అన్నాడు. శాలువా కప్పాడు. మైకు బాలనర్సయ్య ముందు పెట్టి, "రైతు సోదరుడు తన అనుభవం చెబుతాడు" అన్నాడు.

బాలనర్సయ్య మైకు వైపు చూడలేదు. షామియానా వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఒక ఎద్దుబండి లోపలికి వచ్చింది. దాని మీద పసిడిపైరు బస్తాలు రెండున్నాయి. మూతికి కంపెనీ వేసిన కుట్టు వేసినట్టే ఉంది, సీసపు బిళ్ళ కూడా ఊడలేదు. పైన మాత్రం కోళ్ళు రెట్టలు వేశాయి.

"మీ సొమ్ము, మీ అమానత్, మీకు ముట్టజెప్తున్న సారూ" అన్నాడు బాలనర్సయ్య. "ఆర్నెల్లు నా కోళ్ళగూటి కింద భద్రంగ పెట్టిన. ఒక్క గింజ పోలే. మా నాయిన ఉన్నప్పుడు సర్కారోళ్ళు విత్తనాలు ఊరికెనే అని ఇచ్చి, మూడేండ్లకు వడ్డీతోని వసూలు చేసిండ్రు. అప్పటిసంది మా ఇంట్ల ముఫత్‌కు ఇచ్చింది ముట్టం. ఇగ జర రసీదు ఇయ్యండ్రి."

మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు. "మరి ఈ పంట?"

"గా ఒక్క మూలకే సారూ పంట. దుక్కికి ముందు ఐలయ్య గొర్లు రెండు నూర్లు గాడ అయిదు రాత్రులు పండుకున్నయి. పెంట పడ్డది, పంట వచ్చింది. మిగిలిన పొలమంత మామూలే. కావాలంటె ఇప్పుడే వచ్చి మా ఇంట్ల వడ్లు కొలుచుకోండ్రి, ఆ లెవీ కాయితం వాపసు తీసుకోండ్రి."

పేపర్లవాళ్ళు ఉప్మా ప్లేట్లు కింద పెట్టి కలాలు తీశారు. ఒకతను, మరి కోతకు ఆ మూలనే ఎలా ఎంచారని అడిగాడు. జవాబు షామియానా గుంజ పక్క నుంచి వచ్చింది.

"సారు అడుగులకు చవుడు తగిలింది" అన్నాడు ఐలయ్య గర్వంగా. "అందుకని నన్ను నడువుమన్నడు. నా అడుగు జర పెద్దది."

కామేశ్వరరావు నోటుబుక్కును చంకలోంచి తీసి వీపు వెనక దాచుకున్నాడు. సుబ్రహ్మణ్యం కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చూడవలసింది ఇంకేమీ లేదనిపించింది కాబోలు. మేనేజరు బస్తాలను చూసి, రేకు బోర్డును చూసి, చివరికి బాలనర్సయ్యకు నిజంగానే రసీదు రాసిచ్చాడు. ఆ సభలో జరిగిన ఒకే ఒక్క సక్రమమైన పని అదే.

సోమవారం పేపర్లో రెండు వార్తలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి, రికార్డు పంట పండింది గొర్రెల ఎరువుతోనే. రెండు, కంపెనీ ఇచ్చిన బస్తాలను రైతు తెరవకుండానే తిప్పి పంపాడు. కోఠిలో పసిడిపైరు దుకాణం తెరిచేసరికి పదిహేను, మధ్యాహ్నానికి పది, బుధవారానికి ఆరు. ఆ తరువాత ధర ఉంది గాని, ఆ ధరకు కొనేవాడు లేడు. ఎడమ పేజీలో కంపెనీ లాభం అంతే ఉంది, కుడి పేజీలో చమురూ వానా వడ్డీ అంతే ఉన్నాయి. కామేశ్వరరావు రెండు పేజీలనూ నాలుగుసార్లు తిరగేశాడు. గొర్రె ఎక్కడా లేదు.

ఆఫీసులో ఎవరూ ఆయనకు టీ తెప్పించలేదు. ముందు రోజు దాకా 'గురువుగారూ' అన్నవాళ్ళు ఎదురైతే గోడ చూసి నడిచారు. మెమో వస్తుందని ఆయన వణికిపోయాడు. రాలేదు. మెమో ఇవ్వవలసిన సుబ్రహ్మణ్యం, ముందు తన సంతకానికి ఇచ్చుకోవాలి కనక, ఫారం మీద 'తూకంలో పొరపాటు' అని రాసి అల్మరాలో పెట్టి తాళం వేశాడు. అంకె మారింది కనక లెవీ కూడా తగ్గింది. బాలనర్సయ్య పన్నెండు బస్తాల లెవీతో బయటపడ్డాడు. ఈ వ్యవహారంలో సైన్సు వల్ల మేలు జరిగింది ఆయన ఒక్కడికే.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున కామేశ్వరరావు చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. షేర్లన్నీ అమ్మినా తొమ్మిదివందలు రావు. ఎదురింటాయన అప్పటికే రెండుసార్లు వచ్చి, "మీరు స్థలం వదులుకుంటున్నారటగా, పాపం" అని పరామర్శించి పోయాడు. త్రిపురసుందరి ఆ సంగతి ఎత్తకుండా అప్పడాల పిండి కలుపుతోంది. తిట్టినా బాగుండును అనిపించింది ఆయనకు. ఆరేళ్ళు ఆ చేతులు ఎంత పిండి కలిపాయో మొదటిసారి లెక్కకు వచ్చింది. లేచి కూర్చున్నాడు.

"నన్ను క్షమించవే" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపు పెరటి తలుపు చప్పుడైంది. రుక్కమ్మ వచ్చింది. ఇవాళ నెత్తిన పెరుగు కుండ లేదు. వెనక ఐలయ్య కూడా ఉన్నాడు. రుక్కమ్మ కొంగు ముడి విప్పి నోట్ల కట్ట త్రిపురసుందరి ముందు పెట్టింది.

"తెల్లాపూర్ల, గోపన్‌పల్లిల మంద కోసం కొట్టుకుంటున్నరమ్మా" అంది రుక్కమ్మ. "పేపరు పాడుగాను, అందరు గొర్లు గొర్లు అంటున్నరు. రాత్రికి నాలుగు సేర్ల వడ్లిచ్చేటోళ్ళు నలభై రూపాయలిస్తమంటున్నరు. నీ పాలుకు వచ్చిన ఇరవై నాలుగు గొర్లు తెల్లాపూర్ పటేలు కొన్నడు. ఒక్కోటి ఎనభై అయిదు. నువ్వు చెప్పినట్టే కటికోళ్ళకు ఇయ్యనని పటేలుతోని ఒట్టు పెట్టించుకున్న."

కామేశ్వరరావు భార్య వైపు తిరిగాడు.

"రెండేళ్ళ కిందట కరువొచ్చినప్పుడండీ" అంది త్రిపురసుందరి, చేతులు కడుక్కుంటూ. "వీళ్ళు గొర్రెల్ని కారుచౌకగా అమ్ముకోబోతుంటే చూడలేక పన్నెండింటిని నేనే కొని వీళ్ళకే పాలుకు ఇచ్చాను. మేపేది వాళ్ళు, పిల్లల్లో సగం నాది, ఉన్నిలో సగం, మంద కూలిలో సగం. మీకు చెబితే నోటుబుక్కులో ఎక్కిస్తారని చెప్పలేదు."

"అంటే బాలనర్సయ్య పొలంలో పడుకున్నవి..."

"మనయ్యే సారూ" అన్నాడు ఐలయ్య. "రెండు నూర్లల్ల అమ్మవి గూడ ఉన్నయి. గా మూలకు ముందు పండుకున్నయి అవ్వే."

కామేశ్వరరావు ఆ నోట్లను చేతిలోకి తీసుకుని ఎంచాడు. తన పంటను తన ఇంటి గొర్రెలే పండించాయి. తన షేరును తన ఇంటి గొర్రెలే లేపాయి, తన ఇంటి గొర్రెలే ముంచాయి. ఇప్పుడు తన ఇంటిస్థలాన్నీ అవే కొంటున్నాయి. ఆయన లోపలి గణాంకాలవాడు మాత్రం ఇంకా చావలేదు.

"రెండేళ్ళలో శాతం ఎంతొచ్చిందంటావు?" అని అడిగాడు మెల్లగా.

"లెక్క వేయలేదండీ" అంది ఆమె. "వేస్తే అమ్మబుద్ధి కాదేమోనని భయమేసింది."

ముప్ఫయ్యో తేదీన ఆమె స్వయంగా సొసైటీకి వెళ్ళి డబ్బు కట్టింది. రసీదు బాలాత్రిపురసుందరి పేరు మీదే రాయించుకుంది. దారిలో ఎదురింటాయన కనిపిస్తే ఆగి, ఆయన ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కుని మరీ వచ్చింది. నూట యాభై షేర్లు బీరువాలో అడుగున, పెళ్ళిపట్టుచీర కింద, ఉండిపోయాయి. నోటుబుక్కులో ఖాళీగా మిగిలిన పేజీలను ఆమె అప్పడాల లెక్కకు వాడుకుంది.

మరుసటి ఏడాది గోపన్‌పల్లి వరిని కామేశ్వరరావు మళ్ళీ కుర్చీలో కూర్చునే పండించాడు, దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.